తిరిగివచ్చినవాని కథ: థామస్ మార్ష్ ఉదంతముపై ఒక విమర్శ

యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘమును లోకము మోర్మను సంఘమని పిలుస్తుంది (ఆ పేరు వాడవద్దని ఆ సంఘ నాయకులు 2018 నుండి గట్టిగా కోరుతున్నారు). విశ్వాసము విడిచి మరల వచ్చినవారి గూర్చి ఆ సంఘములో ప్రసంగాలు, సాక్ష్యాలు విస్తారముగా ఉన్నాయి. వాటిలో పదే పదే వినిపించేది థామస్ బి. మార్ష్ కథ. త్రిత్వమును గూర్చియు, బైబిలుకు చేర్చిన ఇతర లేఖనాలను గూర్చియు ఆ సంఘము బోధించేది ఈ వ్యాసకర్తకు సమ్మతము కాదు. అయితే ఆ చర్చ వేరు. తిరిగివచ్చిన మనిషిని గూర్చి సంఘము చెప్పే కథ ఆ మనిషిని ఏమి చేస్తుంది అనునదే ఇక్కడి ప్రశ్న.

కథ ఇది. మార్ష్ 1835లో ఏర్పడిన పన్నెండుమంది అపొస్తలుల కోరమునకు మొదటి అధ్యక్షుడు. మిస్సోరీ రాష్ట్రములోని ఫార్ వెస్ట్‌లో ఆయన భార్యయు, హారిస్ అనునతని భార్యయు జున్ను చేయుటకు పాలు మార్చుకోవాలని ఒప్పందము చేసుకున్నారు. పితుకుడు చివర వచ్చే చిక్కని పాలు కూడా కలిపి పంపాలి. పశువులున్న ఇంట పెరిగినవారికి ఆ చివరి పాల విలువ తెలుసు. మార్ష్ భార్య ఆవుకు ఒక పైంటు చొప్పున దాచుకున్నదట. తగవు బోధకులు మొదలుకొని సంఘ ప్రథమ అధ్యక్షత్వము వరకు వెళ్లింది. అన్ని చోట్లా తీర్పు ఆమెకు వ్యతిరేకముగానే వచ్చింది. మార్ష్ అలిగి సంఘమును విడిచి, దానికి విరోధముగా ప్రమాణపత్రము ఇచ్చాడు. కాసిన్ని పాల కొరకు అపొస్తలత్వమును పోగొట్టుకున్నాడని నీతి.

ఈ కథకు ఆధారమేమిటి? 1856 ఏప్రిల్ 6న సాల్ట్ లేక్ సిటీలో జార్జ్ ఎ. స్మిత్ చేసిన ప్రసంగము. అంటే సంఘటన జరిగిన 18 ఏండ్లకు, మార్ష్ ఇంకా తిరిగి రాకమునుపే. పాల తగవు నిజముగా జరిగి ఉండవచ్చు. అయితే అదే కారణమా? 1838 అక్టోబరు 24న రిచ్‌మండ్‌లో మార్ష్ ఇచ్చిన ప్రమాణపత్రమును బలపరుస్తూ ఓర్సన్ హైడ్ అను మరొక అపొస్తలుడు కూడా సంతకము చేశాడు. హైడ్ ఇంట పాల తగవేదీ లేదు! హైడ్ 1839లోనే తిరిగివచ్చి అపొస్తలత్వము మరల పొందాడు, తరువాత ఆ కోరమునకే అధ్యక్షుడయ్యాడు. అతని పేరున ఇటువంటి కథ పుట్టలేదు. ఒకే పత్రము క్రింద ఇద్దరి సంతకాలుంటే, ఒకని పతనమునకు పాలు కారణమై, రెండవవానికి కాకపోవుట ఎట్లు?

ఆ నెలలో జరిగినదానిని కథ ప్రక్కకు నెట్టివేస్తుంది. మోర్మనులు 1833లోనే జాక్సన్ కౌంటీ నుండి తరిమివేయబడ్డారు, 1838లో మరల దాడులకు గురయ్యారు. ఇది మరువరాదు. అయితే అక్టోబరు 18న మోర్మను సాయుధులు గాలటిన్ ఊరిమీద పడి దోచి, తగులబెట్టారు. మార్ష్ పత్రము ఆ హింసను గూర్చియే. దాని ఫలితము భయంకరమైనది. అక్టోబరు 27న గవర్నరు బాగ్స్ మోర్మనులను నిర్మూలము చేయాలి, లేదా రాష్ట్రము నుండి వెళ్లగొట్టాలి అని ఇచ్చిన ఉత్తర్వుకు వెనుకనున్న సమాచారములో ఆ పత్రము కూడా చేరింది. మూడు దినములకు హాన్స్ మిల్ వద్ద 17 మంది మోర్మనులు చంపబడ్డారు. కనుక మార్ష్ పశ్చాత్తాపపడవలసినది ఉన్నది. దానితోపాటు ఆయన మనస్సాక్షి ప్రశ్నించినది కూడా ఉన్నది. పాల కథ రెండింటినీ చిన్నవి చేసింది. పాపమును అల్పముగా చూపింది, ప్రశ్నను లేకుండా చేసింది.

1857లో, భార్య మరణించిన కొన్ని ఏండ్లకు, మార్ష్ తనను చేర్చుకోమని హీబర్ కింబాల్‌కు ఉత్తరము వ్రాశాడు. జూలైలో నెబ్రాస్కాలోని ఫ్లారెన్స్ వద్ద మరల బాప్తిస్మము పొంది, సెప్టెంబరు 6న సాల్ట్ లేక్ సిటీలో సభ ముందు నిలిచాడు. అసూయ, కోపము తనను పడద్రోశాయని ఒప్పుకున్నాడు. తరువాత బ్రిగమ్ యంగ్ లేచి, ముసలితనముతో వంగిన మార్ష్‌ను తన దృఢత్వముతో పోల్చి చూడమన్నాడు. ఇద్దరి వయస్సులో రెండేండ్ల తేడా కూడా లేదు (ఈ వ్యాసకర్త కూడా ఇంచుమించు ఆ వయస్సువాడే గనుక ఆ మాట కొంచెము గుచ్చుకుంటుంది). సభ మార్ష్‌ను చేర్చుకున్నది, నిజమే. లూకా 15లోని కుమారుడు కూడా దారిలో ఒక ప్రసంగము సిద్ధము చేసుకున్నాడు. కూలివానిగా ఉంచుకొమ్మని అడుగుట దానిలో చివరి మాట. తండ్రి ఆ మాట వరకు అతనిని రానియ్యలేదు. సాల్ట్ లేక్‌లో మార్ష్ ప్రసంగము చివరి వరకు సాగింది, ఆపైన మరికొంత కలపబడింది.

అది ఆనాటితో ఆగలేదు. గార్డన్ బి. హింక్లీ 1984 ఏప్రిల్ మహాసభలో ఈ పాల కథను చెప్పాడు. 2006 అక్టోబరు మహాసభలో డేవిడ్ ఎ. బెడ్నార్ నొచ్చుకొనుట మనము ఎంచుకొనేదే అని బోధిస్తూ మార్ష్‌ను ఉదాహరించాడు. బెడ్నార్ మాటలో సత్యముంది. పగను పెంచుకొనుట మన చేతిలోనిదే. అయితే ఇదే సూత్రమైతే, విడిచిపోయినవానిని ఎందుకు పోయావని అడిగి వినే బాధ్యత సంఘమునకు మిగలదు. జవాబు ముందే సిద్ధము.

విచిత్రమేమంటే, ఆ సంఘపు నేటి నియమాలు ఆ కథకంటె దయగలవి. సభ్యత్వము విడిచినవాడు తిరిగివస్తే బిషప్పు మాట్లాడుతాడు, మరల బాప్తిస్మమిస్తారు. ముందు దేవాలయ సంస్కారములు పొందినవాడైతే, కొంతకాలము తరువాత చేతులుంచి ఆ దీవెనలను పునరుద్ధరిస్తారు. అప్పుడు అతని సభ్యత్వ పత్రములో మొదటి బాప్తిస్మపు తేదీయే వ్రాయబడుతుంది, మధ్యలో విడిచిపోయిన సంగతి కనబడదు. పుస్తకము మరచిపోతుంది, ప్రసంగ వేదిక మాత్రము మరచిపోదు.

తిరిగివచ్చినవానికి అక్కడ వెంటనే పని దొరుకుతుంది. పని అంటే పెద్ద పదవి కాదు, పిల్లలకు పాఠము చెప్పుట, ఒక కుటుంబమును చూచుకొనుట వంటివి. జీతముపైనున్న పాదిరి వార్డులో లేడు గనుక చేతులు కావలసి ఉంటాయి. ఆదివారము రొట్టె, నీరు తీసుకుంటాడు. దశమభాగమిస్తాడు. సారా, పొగాకుతోపాటు కాఫీ, టీ కూడా ముట్టడు. హైదరాబాదులో ఆ సంఘమునకు 2012లో స్టేకు ఏర్పడింది. తెలుగు కుటుంబములో ఈ చివరి నియమమెంత కఠినమో చెప్పనక్కరలేదు. చుట్టాలింటికి వెళ్లి, "వద్దండీ, టీ తాగను" అన్న ప్రతిసారి అతడు తన విశ్వాసమును మరల ఒప్పుకున్నట్టే. సంఘములో చెప్పే సాక్ష్యముకంటె ఆ తాగని టీ కప్పు నిజమైన సాక్ష్యమని నా అభిప్రాయము.

మన సంఘాలకు ఇది పరాయి సంగతి కాదు. వెనుకకు జారి తిరిగివచ్చినవానిని మనమూ కూటములో నిలబెడతాము. లోకాశలు, స్నేహితులు, అహంకారము అని అతడు చెబుతాడు, మనము హల్లెలూయ అంటాము. కమిటీ లెక్కలు అడిగినందుకు, లేక కులము పేరున అవమానము పొందినందుకు వెళ్లిపోయానని చెప్పితే ఆ సాక్ష్యమును ఎవరు రెండవసారి చెప్పనిస్తారు? యోహాను 21లో ప్రభువు పేతురును ఎందుకు బొంకావని అడగలేదు. ప్రేమను గూర్చి అడిగి, మందను అప్పగించాడు.

పాల కథ మార్ష్ తిరుగు ప్రయాణముతో ముగుస్తుంది. ఆ తరువాత ఆయన యూటాలో ఎనిమిదేండ్లకు పైగా జీవించాడు. స్పానిష్ ఫోర్క్‌లో పిల్లలకు చదువు చెప్పాడు, ప్రధాన యాజకునిగా అభిషేకము పొందాడు. తరువాత ఆగ్డెన్‌కు వెళ్లి, 1866 జనవరిలో అక్కడే పేదవానిగా మరణించాడు. ఆ ఎనిమిదేండ్ల గూర్చి చెప్పే ప్రసంగము నాకింతవరకు ఎదురుపడలేదు.