అంకుల్, బత్తీ!

కారు కొన్న వారంలోనే మా ఊరంతా నాకు ఒకే మాట చెప్పింది. నోటితో కాదు, చేత్తో. ఎదురొచ్చే ఆటోవాడు ఒక చెయ్యెత్తి వేళ్ళు ముడిచి విప్పుతాడు. సాక్చీ గోల్‌చక్కర్ దగ్గర స్కూటరు మీదావిడా అంతే. సోనారీలో బడిపిల్లలైతే కిటికీ పక్కకే వచ్చి అరుస్తారు: "అంకుల్, బత్తీ జల్ రహా హై!" జంషెడ్‌పూర్ హిందీకి ఆడ బత్తీ, మగ బత్తీ పట్టింపు లేదు. పట్టపగలు లైటేసుకు తిరిగే మతిమరుపు మనిషి మీద మాత్రం అందరికీ పట్టింపే.

నిజానికి ఆ లైటు నేను వేసింది కాదు. ఇంజన్ స్టార్టయితే చాలు, ముందువైపు రెండు తెల్లటి గీతలు వాటంతటవే వెలుగుతాయి. డేటైమ్ రన్నింగ్ లైట్లు, ముద్దుగా డీఆర్‌ఎల్. వాటికి స్విచ్చి లేదు. నాకు గిట్టనిది అదే. మా నాన్న టెల్కోలో ట్రక్కుల వైరింగ్ చేసి రిటైరైన మనిషి. కద్మా క్వార్టర్లో మనిషి లేని గదిలో బల్బు వెలిగితే "ఎవరి పెళ్ళిరా అక్కడ?" అని కేకేసేవాడు. ఆయన కొడుకు ఎండలో దీపాలతో ఊరేగడమా?

ఓ ఆదివారం మాన్‌గో వంతెన దాటి మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. తాతలనాడు శ్రీకాకుళం నుంచి కంపెనీ పనికొచ్చిన కుటుంబం. అతని తెలుగులో సగం హిందీ, మిగతా సగం ఆముదాలవలస.

"ఏటి మాస్టారూ, కొత్త బండికి అప్పుడే ఆపరేషనా?" అన్నాడు.

ఒక స్విచ్చి పెట్టమన్నాను. అతను బానెట్ ఎత్తాడు గానీ కట్టరు తియ్యలేదు. ఫ్యూజు లాగెయ్యొచ్చు. కానీ అదే ఫ్యూజు మీద ఇంకేం బతుకుతున్నాయో చూసుకోవాలి. తీగ తెంపొచ్చు. అయితే పాత బండిలోలా బ్యాటరీ, స్విచ్చి, బల్బు అని మూడు ముక్కల్లో అయిపోయే కథ కాదిది. మధ్యలో చిన్న కంప్యూటరు కూర్చుని ఏ దీపం ఎంత కరెంటు తాగుతోందో లెక్క చూస్తుంటుంది. తెంపితే బల్బు పోయిందనుకుని డాష్‌బోర్డు మీద గోల పెట్టే బళ్ళూ ఉన్నాయి.

అతనికి ఈ పని కొత్త కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోటారుసైకిళ్ళకీ, స్కూటర్లకీ హెడ్‌లైటు దానంతటదే వెలగాలన్నారు. హ్యాండిల్ మీద ఆపే స్విచ్చి మాయమైంది. అప్పట్నించీ కుర్రాళ్ళు స్విచ్చి పెట్టించుకోడానికి వస్తూనే ఉన్నారు. విచిత్రమేమిటంటే, లైటు తెంపమనే బండి వెనకాలే, కళ్ళు మిరుమిట్లు గొలిపే నీలం ఎల్‌ఈడీ పట్టీలు అతికించమనే బండి నిలబడుతుంది. మిస్త్రీ ఎవరో రోడ్డు పక్కన చేసిన పాత జాయింటు ఒకటి తీసి చూపించాడు. నల్ల టేపు విప్పితే లోపల రాగి పచ్చగా పాచిపట్టింది. ఒక్క వానాకాలం. "టేపు జాయింటు, టేపు ఊడేదాకానే జాయింటు మాస్టారూ."

వారంటీ పోతుందన్నాడు. చట్టం సంగతి నాకే తెలుసు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చొద్దంటుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా. చట్టం కన్నా ఎక్కువగా నన్నాపింది నాన్న మాట. ట్రక్కుల 24 వోల్టులతో బతికినాయన, ఇంట్లో టేబుల్ ఫ్యాను విప్పినా ఒకటే అనేవాడు: "తెంపేముందు ఆ తీగ ఎక్కణ్ణించి వచ్చిందో, ఎక్కడికి పోతోందో చూడరా."

ఇది బ్యాటరీ నుంచి వచ్చింది, సరే. ఎక్కడికి పోతోంది?

హెడ్‌లైటయితే రోడ్డు మీదికి, అంటే నా కంటికి. ఈ గీతలు రోడ్డునేం చూపించవు. వీటి కాంతి 400 నుంచి 1,200 క్యాండెలాల మధ్యే ఉండాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన. ఎదుటివాడి కంట పడాలి గానీ కంట్లో పొడవకూడదని దాని లెక్క. పొద్దు వాలుగా, మసకగా ఉండే దేశాల్లో పుట్టిన అలవాటిది. 1972లో ఫిన్లండ్ చలికాలంలో ఊళ్ళ బయటి రోడ్లకు పెట్టింది, 1977లో స్వీడన్ ఏడాది పొడుగునా అంది. 2011 నుంచి యూరప్‌లో కొత్త కారు మోడళ్ళన్నిటికీ తప్పనిసరి.

మనకు ఎండకేం కొదవని అడగొచ్చు. ఘాట్‌శిలా వైపు సాలచెట్ల కింద వెళ్ళి చూడండి. ఒక గజం ఎండ, ఒక గజం నీడ. బూడిదరంగు కారు ఆ మచ్చల్లో కలిసిపోతుంది. సైకిలు మీద కట్టెలమోపుతో రోడ్డు దాటేవాడికి నా కారు కనిపించేది ఆ రెండు గీతల వల్లే.

దీనికో మోసం కూడా ఉంది. ముందు వెలుగుతోంది కదా అని సందెవేళ హెడ్‌లైటు వెయ్యడం మరిచిపోతాం. డీఆర్‌ఎల్ వెలిగితే చాలా కార్లలో వెనక ఎర్రదీపాలు వెలగవు. మంచులో మన వెనకొచ్చే ట్రక్కుకి మనం లేనట్టే. సరిచేసుకోవాల్సిన అలవాటేదైనా ఉంటే ఇదీ.

"అయితే గుడి ముందు ఆగినప్పుడు జనం మొహాల మీద కొడుతోందయ్యా" అన్నాను, చివరి వాదనగా. బిష్టుపూర్ రామమందిరం దగ్గర మా ఆవిడ కోసం ఇంజన్ ఆపకుండా కాచుకునే అలవాటు నాది.

మిస్త్రీ లోపలికి వంగి హ్యాండ్‌బ్రేక్ లాగాడు. రెండు గీతలూ ఆరిపోయాయి. వదిలాడు, వెలిగాయి. "పుస్తకంలో రాసుంటాది మాస్టారూ." డబ్బులు పుచ్చుకోలేదు, టీ మాత్రం తాగాడు.

మొన్న ఖర్కాయీ వంతెన మీద సైకిలు తొక్కుతూ ఓ పెద్దాయన ఎదురొచ్చాడు. అల్లంత దూరం నుంచే చెయ్యెత్తి వేళ్ళు ముడిచి విప్పాడు. అంత దూరం నుంచే చూశాడన్నమాట. నేనూ చెయ్యెత్తాను.