యంత్రము కరణమా, కర్తయా?
ప్రజాప్రభుత్వద్వేషులైన జర్మను జాతీయవాదులలో స్పెంగ్లరు 1931లో ‘మనుష్యుఁడు, యంత్రవిద్య’ యను గ్రంథమున, లోకమున కధిపతియైన నరుఁడు యంత్రమునకు దాసుఁడగుచున్నాఁ డనెను. మఱుసటి యేఁట యూంగరు ‘శ్రామికుఁడు’ అను గ్రంథమున నా యధీనతనే వీరధర్మముగాఁ గొనియాడెను. ఒకరిది నిరాశ, ఒకరి దుత్సాహము. దోషము మాత్ర మొక్కటియే: కరణముఁ గర్తగా గ్రహించుట.

అడవులు, మృగజాతులు నశించునని స్పెంగ్లరు చూపిన భయము సహేతుకమే, కారణనిరూపణమే దుష్టము. “కత్తి కోయుచున్నది” యనుట వివక్షచేఁ జెల్లును. అంతమాత్రమునఁ గోయువాఁడు లేకపోఁడు. పాణినిమతమున స్వతంత్రుఁడే కర్త.

ఇందుకు ఏలూరు చెంతనున్న కొల్లేరే సాక్షి. యంత్రములతోఁ బోసిన చేపలచెఱువుల గట్లను 2006లో యంత్రములతోనే పడఁగొట్టించిరి. కరణ మొక్కటియే, కర్తలు వేఱు. యంత్రమే కర్త యనుచోట మంచిచెడ్డలకు బాధ్యుఁ డుండఁడు. జర్మను వాదమునందలి యపాయ మిదియే.