అరణ్యాన్ని చూపేవారు

భారతీయ కావ్యాలలో కొండలకూ గుహలకూ కొదవ లేదు. మహాకావ్యానికి పర్వతవర్ణన ఉండితీరాలని లాక్షణికులు విధించిన నాటి నుండి, కొండను కంటితో చూడని కవి సైతం కొండను వర్ణించక తప్పలేదు. అందువల్ల మన అరణ్యవర్ణనలలో హెచ్చుభాగం చెట్ల పేర్ల పట్టికలుగా మిగిలిపోయినవి. అయితే కొన్ని కావ్యాలలో అరణ్యం సజీవంగా కనిపిస్తుంది. దీనికి కారణం కవి ప్రతిభ ఒక్కటే కాదు. ఆ కావ్యాలలో చూచేవాని పక్కన చూపేవాడు కూడా ఉంటాడు.

ఈ భేదం ఛత్తీస్‌గఢ్‌లో కంటికి కట్టినట్లు కనబడుతుంది. నయా రాయపూర్‌లో 2016వ సంవత్సరంలో సుమారు 320 హెక్టార్ల విస్తీర్ణంలో జంగిల్ సఫారీ ప్రారంభమైనది. ఆ నగరానికే 2018లో అటల్ నగర్ అనే పేరు వచ్చినది. ఇక్కడ చూపరులు వాహనంలో కూర్చుండి పులిని, సింహాన్ని, ఎలుగుబంటిని చూచి సాయంకాలానికి ఇల్లు చేరుకొనవచ్చును. నగరవాసుల పిల్లలకు ఇది మేలైన ఏర్పాటే. దీనిని తప్పు పట్టవలసిన పని లేదు. కాని అక్కడి నుండి దక్షిణంగా సుమారు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించి జగదల్‌పూర్ దాటితే కాంగేర్ లోయ వస్తుంది. 1982లో జాతీయోద్యానంగా ప్రకటితమైన ఆ రెండు వందల చదరపు కిలోమీటర్ల అడవిలో కుటుంసర్, కైలాస్, దండక్ అనే సున్నపురాతి గుహలున్నవి. కుటుంసర్ గుహలో దీపమూ, దారి తెలిసిన మనిషీ లేనిదే అడుగు ముందుకు పడదు. వానాకాలంలో గుహను మూసివేస్తారు.

ఈ రెండవ తరహా ప్రయాణం మన కవులకు తెలుసు. పెద్దన ప్రవరుడు తొలుత మొదటి తరహా యాత్రికుడే. సిద్ధుడిచ్చిన పాదలేపం అతని వాహనం. దారి నడవకుండానే హిమాలయం చేరినాడు; చూడవలసినవన్నీ చూచినాడు; మధ్యాహ్నానికి ఇల్లు గుర్తుకు వచ్చినది. మంచునీటికి లేపం కరిగిపోయిన తరువాతనే ఆ కొండ అతనికి నిజమైన కొండ అయినది. అంతవరకు వింతలుగా ఉన్న శిఖరాలూ సెలయేళ్ళూ ఒక్కసారిగా అడ్డంకులైనవి. దారి చెప్పేవారి కోసం వెదకి వరూధినిని అడుగుతాడు. మనుచరిత్రలో కథ మలుపు తిరిగేది ఆ ప్రశ్న వద్దనే. చూపరి తన నిస్సహాయతను గుర్తించిన క్షణమే కావ్యానికి ప్రాణం పోసినది.

కాళిదాసు ఈ సంబంధాన్ని తలక్రిందులు చేసినాడు. మేఘసందేశంలో కదలలేనివాడు యక్షుడు. కాని దారి చూపేది అతడే. అతడున్న రామగిరి నాగపూర్ సమీపంలోని రామ్‌టెక్ అని కొందరు, సర్గుజా ప్రాంతంలోని రామ్‌గఢ్ అని మరికొందరు పండితులు వాదించినారు. ఆ వాదం ఎట్లా ఉన్నా రామ్‌గఢ్ గుహలకు వేరొక సాక్ష్యమున్నది. జోగీమారా గుహలోని ప్రాచీన బ్రాహ్మీశాసనం సుతనుక అనే దేవదాసినీ, ఆమెను కామించిన దేవదిన్నుడనే శిల్పకారునీ పేర్కొంటుంది. గుహ అనగానే మునులూ తపస్సూ తలచుకొనేవారికి, అక్కడ సామాన్య మానవులు ప్రేమించి ఆ సంగతిని రాతిపై చెక్కించుకొన్నారని ఆ నాలుగు మాటలు తెలియజేస్తవి.

ఈ ధర్మం పరాకాష్ఠ నందుకొన్నది భవభూతి ఉత్తరరామచరితం ద్వితీయాంకంలో. పన్నెండేండ్లకు పైగా గడచిన తరువాత రాముడు దండకారణ్యానికి తిరిగి వచ్చినాడు. ఒకచోట అరణ్యం నిశ్శబ్దం, మరొకచోట మృగాల ఘోష. గుహలలో ఎలుగుపిల్లల గుర్రుమనే ధ్వని ప్రతిధ్వనిస్తుంటుంది. దప్పిగొన్న తొండలు కొండచిలువ చెమటను త్రాగుతుంటవి. ఇది పట్టిక చూచి వ్రాసిన వర్ణన కాదు. ఈ అడవిని రామునికి చూపిస్తున్నది ఎవరు? అప్పుడే అతని ఖడ్గానికి గురియై దివ్యరూపం ధరించిన శంబూకుడు! తపస్సు చేసిన నేరానికి చంపబడినవాడే చంపినవానికి అరణ్యాన్ని పరిచయం చేస్తున్నాడు. భవభూతి శంబూకుని చేత కృతజ్ఞత పలికించి ఆ గాయాన్ని కప్పివేయడానికి యత్నించినాడు. అయినా అది కనబడకపోదు. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి తన శంబూకవధ నాటకంలో ఆ గాయాన్నే బాహాటంగా ప్రశ్నించినాడు. ఆ నాటకం ఎరిగిన తెలుగు పాఠకుడు భవభూతి వర్ణనను కేవలం ప్రకృతిశోభగా చదువలేడు. అడవి అందంగా ఉన్నది. దానిని చూపినవానికి మాత్రం అందులో బ్రతికే హక్కు లేకపోయినది.

నేటి దండకారణ్యానికి ఈ ప్రశ్న పరాయిది కాదు. కుటుంసర్ గుహను 1950 దశకంలో పరిశోధించి లోకానికి తెలిపిన శంకర్ తివారీ పేరు, ఆ గుహలోని ఒక కీచురాయి జాతికి శాస్త్రీయనామంలో చేరినది. ఆ గౌరవం సముచితమే. కాని ఆ లోయలో తరతరాలుగా జీవించే ధుర్వా జనుల పేర్లు ఏ గ్రంథంలో చేరినవి? జగదల్‌పూర్‌లో పుట్టిన హిందీ రచయిత శానీ తన 'సాల్‌వనోం కా ద్వీప్'లో బస్తరు జనులను వింత వస్తువులుగా గాక తన పొరుగువారుగా చిత్రించడానికి పూనుకొన్నాడు. ఆ గ్రంథం విలువ అక్కడున్నది. దాని పేరును తెలుగు చేయబోతేనే చిక్కు వస్తుంది. సాలవృక్షం మనకు గుగ్గిలం చెట్టే. అయినా మైదానాల పాఠకునికి గుగ్గిలమంటే ధూపం, చెట్టు కాదు. ఆ మాటను మళ్ళీ చెట్టుగా చేసి చూపడమే అనువాదకుని పని.

భవభూతి రాముడు నదీప్రవాహాలు మారినా, వనాలు కొన్ని పలుచబడి కొన్ని దట్టమైనా, కొండలు కదలక నిలిచినందువల్ల ఇది ఆ చోటేనని గుర్తించినాడు. కాంగేర్ నది కోలాబులో కలుస్తుంది. ఆ కోలాబే శబరి అయి కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. దండకారణ్యం తెలుగువారికి పురాణంలోని దూరదేశం కాదు; దాని నీరు మన పొలాలలో పారుతున్నది. ఆ అడవిని గూర్చి వ్రాసే ప్రతి గ్రంథాన్నీ, అనువదించే ప్రతి గ్రంథాన్నీ విమర్శకుడు మొదట అడుగవలసినది వర్ణన ఎంత రమ్యంగా ఉన్నదని కాదు. దీపం పట్టుకొని ముందు నడచినవానికి అందులో చోటున్నదా అని.