సరిదిద్దడానికీ ఓ హద్దుంది

డిజిటల్ కమ్యూనికేషన్ పాఠంలో, ఛానెల్ చెడగొట్టిన సిగ్నల్‌ను సరిదిద్దే ఈక్వలైజర్ దగ్గరికి రాగానే క్లాసులో ఎవరో ఒకరు అంటారు: "ఛానెల్ చేసిన దానికి సరిగ్గా వ్యతిరేకం చేస్తే అయిపోతుంది కదా సార్!" నిజమే, లెక్క అలాగే మొదలవుతుంది. అక్కడే ఆగితే మాత్రం నేను ఒప్పుకోను.

కళ్యాణ మండపంలో మైకులో అన్న మాట గోడకు తగిలి వచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. మొబైల్ సిగ్నల్‌దీ అదే గతి. జీఎస్ఎమ్‌లో ఒక బిట్ నిడివి 3.69 మైక్రోసెకన్లు. కొండనో భవనాన్నో తాకి, సుమారు 1.1 కిలోమీటర్లు చుట్టు తిరిగొచ్చిన తరంగం ఒక బిట్ ఆలస్యంగా చేరి పక్క బిట్‌ను చెడగొడుతుంది. అందుకే ప్రతి సాధారణ బర్స్ట్ (ఒక విడతలో పంపే బిట్ల గుంపు) మధ్యలో రిసీవర్‌కు ముందే తెలిసిన 26 బిట్లు పంపుతారు. అవి ఎలా చేరాయో చూసి రిసీవర్ ఛానెల్ తీరును అంచనా కడుతుంది.

1965లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ లక్కీ, టెలిఫోన్ లైన్లకు తనంతట తానే సర్దుకునే ఈక్వలైజర్‌ను వివరించారు. పక్క బిట్ల జోక్యాన్ని సున్నా చేయాలన్నది దాని పట్టు. పేరే జీరో ఫోర్సింగ్.

ఇప్పుడు చిన్న లెక్క. ప్రతిధ్వని అసలు సిగ్నల్‌లో సగం ఉందనుకోండి. దాన్ని పూర్తిగా తుడిచే ఫిల్టర్ గుణకాలు 1, -0.5, 0.25, -0.125... ఇలా సాగుతాయి. ఇవే నాయిస్‌ మీదా పనిచేసి దాని శక్తిని 1.33 రెట్లు చేస్తాయి. ఇదేం పెద్ద నష్టం కాదు. అదే ప్రతిధ్వని 0.9 ఉంటే నాయిస్ 5 రెట్లు దాటుతుంది. ఛానెల్ దాదాపు మింగేసిన పౌనఃపున్యాలను పైకి లాగబోతే, అక్కడి నాయిస్ కూడా పైకొస్తుంది మరి.

ఎంఎంఎస్ఈ (కనిష్ఠ సగటు వర్గ దోషం) పద్ధతి తెలివైనది. మిగిలిన జోక్యం, పెరిగిన నాయిస్ రెండూ కలిపి ఎంత పొరపాటో చూసి, ఆ మొత్తాన్ని తగ్గిస్తుంది. అందుకోసం కొంత జోక్యాన్ని తెలిసే వదిలేస్తుంది. 1960లో విడ్రో, హాఫ్ ఇచ్చిన ఎల్ఎంఎస్ అల్గారిథమ్ కూడా ఈ గురివైపే గుణకాలను కొద్దికొద్దిగా జరుపుతుంది. ఎంత తుడవాలో కన్నా ఎంత మిగల్చాలో తెలియడమే ఈ పనిలో నేర్పని నా నమ్మకం.

సిమ్యులేషన్ చేసే పిల్లలకు ఒకటే మాట. నాయిస్ కలపకుండా మీ ఈక్వలైజర్ బాగుందని తీర్పు ఇవ్వకండి. నాయిస్ లేనప్పుడు జీరో ఫోర్సింగ్, ఎంఎంఎస్ఈ రెండూ ఒకే జవాబిస్తాయి.