నొప్పి పోయింది, చెవి కారింది

ఈ వారం సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఆకుకూరల దగ్గర కూర్చున్న ఆమె చెవిలో దూది చూసి ఏమైందమ్మా అన్నాను. "రాత్రంతా ఒకటే పోటు సారూ. పొద్దున చీము కారింది, నొప్పి పోయింది. మంచిగైంది" అంది. దూది అంచున నూనె మెరుస్తోంది. వెల్లుల్లి వేసి కాచిందట.

ఒళ్లు మండింది. కర్ణభేరి వెనక చీము నిండి ఒత్తుతుంటే ఆ పోటు. భేరికి చిల్లి పడి చీము బయటికొచ్చాక ఆ సుఖం. చిల్లి చాలావరకు దానంతటదే పూడుతుంది, కానీ అందాకా చెవి పొడిగా ఉండాలి. అందులో నూనె పోస్తారా ఎవరైనా!

నూనె మీద, వీధిలో కూర్చుని చెవుల్లో గులిమి తీసే కాన్ సాఫ్ వాళ్ల మీద నాది పాత పోరే. చిన్నప్పుడు ఆ మార్కెట్ దగ్గరే జైల్‌ఖానా పక్కన అలాంటివాడు ఒకాయన ఉండేవాడు. ఎర్ర తలపాగా, అందులో గుచ్చిన సన్న కడ్డీ, చంకన దూది సంచీ. తాతయ్య కూరల సంచీ నాకిచ్చి ఆయన ముందు కూర్చునేవాడు. ఆయన తాతయ్య చెవిని పైకీ వెనక్కీ లాగి, ఎండ లోపల పడేలా తల తిప్పి, తీసిన గులిమిని తన చేతి వెనక రాసి చూపించేవాడు. అది తాతయ్యదేనా, నిన్నటి బేరం తాలూకుదా అని నాకు అప్పుడే అనుమానం. అసలు గులిమి తీయాల్సిన మురికే కాదు. దవడ ఆడుతుంటే మెల్లగా అదే బయటికి జరుగుతుంది.

ఓసారి ఒక హమాలీ కూర్చున్నాడు. కడ్డీకి చుట్టిన దూది తడిసి వచ్చింది. ఆయన వాసన చూసి కడ్డీ పక్కన పడేశాడు. "యే హమారా కామ్ నై, గాంధీకి పో" అన్నాడు. పైసలు తీసుకోలేదు. గాంధీ దవాఖాన అప్పుడు స్టేషన్ దగ్గరే. ముషీరాబాద్‌కు పోయింది 2003లో.

ఆ కడ్డీని నేనిప్పటికీ నమ్మను. కానీ ఆ ముక్కును నమ్ముతాను. నొప్పి లేకుండా, కొంచెం కొంచెంగా, కంపు కొడుతూ కారే చెవే అసలు భయం. లోపల చర్మం పొరలు పేరుకుని ఎముకను కొరికేసే కొలెస్టియటోమా అలాగే ఉంటుంది. పోటు లేదు కదా అని మనిషి దాన్ని ఏళ్లకేళ్లు మోస్తాడు. మూతి వంకర పోయినా, తల తిరిగినా, చెవి వెనక వాచినా, తలకు దెబ్బ తగిలాక చెవిలోంచి నీళ్లలా కారినా ఆ పూటే వెళ్లాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు చెవి కారుతూ విపరీతంగా నొప్పి పెడితే కూడా అంతే. ఇవేవీ లేకపోయినా రెండు వారాలు దాటి కారే చెవిని ఇంట్లో పెట్టుకోకూడదు. కోఠిలో చెవి, ముక్కు, గొంతుకే సర్కారు దవాఖాన ఉంది. ఓపీకి పొద్దున్నే పోవాలి.