కుప్ప కడుపులో కాక

తొలకరి పడ్డ మర్నాడు పొద్దున్నే బొగ్గు యార్డుకు పోవడం నాకు అలవాటు. ఎండాకాలమంతా మాడిన కుప్ప మీద వాన పడితే చల్లబడుతుందనుకుంటాం. అక్కడే తిరకాసు. ఎండిన బొగ్గు తేమను పీల్చుకుంటూ తనే వేడి వదులుతుంది. మొదటి ఏడు ఆ సంగతి తెలియక, దుమ్ము లేస్తోందని పైపైన నీళ్లు కొట్టించి ఊరుకున్నాను. నాలుగోనాడు కుప్ప వాలులో, మోకాలెత్తున, సన్నటి ఆవిరి. చెయ్యి దగ్గర పెడితే రొట్టెల పెనం సెగ. పారతో తవ్వితే లోపల ఎర్రగా నిప్పు.

బొగ్గుకు అగ్గిపుల్ల అక్కర్లేదు. గాలిలోని ఆక్సిజన్ తగిలితే చాలు, నిదానంగా కాగుతుంది. గాలి అసలాడకపోతే కాగదు, బాగా ఆడితే వేడి నిలవదు. ఆడీ ఆడని చోటే భయం. కుప్ప పోస్తుంటే పెళ్లలు దొర్లి అడుగుకు చేరతాయి, పొడి నడుమ ఆగిపోతుంది. పెళ్లల సందుల్లోంచి గాలి లోపలికి దూరి ఆ పొడిని కాగబెడుతుంది. పొడి మెత్తనయ్యేకొద్దీ గాలి తగిలే ఒళ్లు పెరుగుతుంది మరి. అందుకే పొరలుగా పరిచి డోజర్‌తో తొక్కించాలి, ముందొచ్చిన బొగ్గు ముందే ఎత్తించాలి.

అన్ని బొగ్గులూ ఒకటి కావు. ముదిరిన ఆంత్రసైట్ మొండిది. తేమ, సన్నరంధ్రాలు, వేడి తగిలితే గ్యాసుగా బయటికొచ్చే వోలటైల్స్ ఎక్కువున్న లేత బొగ్గు తొందరపడుతుంది. ల్యాబ్‌లో కొలిమిని క్రమంగా వేడి చేస్తూ, లోపలి బొగ్గు కొలిమి వేడిని ఎక్కడ దాటుతుందో చూస్తారు. అది 120, 140 డిగ్రీల మధ్య ఉంటే ఆ బొగ్గును నమ్మడానికి లేదు. 160 దాటితే కొంత నిబ్బరం. పొయ్యిలో త్వరగా రాజుకునేలా చేసే ఆ వోలటైల్సే, గనిలో గాలికి లేచిన దుమ్మును పేలేలా చేస్తాయి. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో బొగ్గుదుమ్ము పేలి 1,099 మంది పోయారు. బాయి లోపలి దారుల్లో గోడలకూ కప్పుకూ సున్నపురాయి పొడి చల్లేది ఇందుకే. ఆ తెలుపు మసకబారితే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

కుప్ప కాగుతున్నప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, దాన్ని పట్టడానికి మీటరే కావాలి. కానీ బొగ్గు ఇంకా కాగితే గ్యాస్‌నూనె లాంటి కంపు వస్తుంది. పనిలో చేరిన పిల్లలకు ముందు ఆ వాసన పట్టడమే నేర్పుతాను. పోయిన వారం ఒకడు పరుగున వచ్చాడు.

"సార్, మూడో కుప్ప వెనకాల గ్యాస్‌నూనె వాసనొస్తంది."

డోజర్ తెప్పించి అక్కడ తవ్వించాం. వేడెక్కిన బొగ్గును నేల మీద పలచగా పరిపించాను. పొద్దుగూకేసరికి చేత్తో పట్టుకునేంత చల్లబడింది.