వాసెన కట్టిన జాడీ

మా అమ్మ ఆవకాయను ఎప్పుడూ ఒక్క జాడీలో పెట్టేది కాదు. పెద్ద జాడీకి వాసెన కట్టి కొట్టుగదిలో ఓ మూలన పెట్టేది. రోజువారీకి చిన్న జాడీ. మూడోది కాకినాడలో మా అక్క ఇంటికి వెళ్లేది. పెద్ద జాడీలో ఎవరైనా తడి చెయ్యి పెడితే ఆ పూట ఇంట్లో రామాయణమే.

ఆ ఇంట్లో పెరిగిన నేనే నిరుడు ఓ తెలివితక్కువ పని చేశాను. కంప్యూటర్లో చోటు చాలక, అమ్మాయి పెళ్లి ఫొటోలు, ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతరకు తీసిన వీడియోలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, కంప్యూటర్లోవి చెరిపేశాను. బ్యాకప్ అనుకున్నాను. నిజానికి సామాను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చానంతే.

ఓ సాయంత్రం మనవడి కాలికి వైరు తగిలి, నడుస్తున్న డిస్కు బల్ల మీంచి కింద పడింది. లోపలి పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటుంది. దాన్ని చదివే మొన, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తులో తేలుతుంటుంది. పడిన దెబ్బకు ఆ మొన పళ్లేన్ని తాకి ఉంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తగిలించినా టిక్కుటిక్కుమన్న చప్పుడే!

ఈసారి ఆచితూచి కొన్నాను. 3.5 అంగుళాల డిస్కుకు విడిగా అడాప్టర్ కావాలి. 2.5 అంగుళాలది యూఎస్‌బీ వైరు మీదే నడుస్తుంది. కాపీ మధ్యలో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ గట్టెక్కిస్తుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలుండవు కాబట్టి కింద పడినా తట్టుకుంటుంది. కానీ ధర ఎక్కువ, పైగా ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా ఉంచితే అందులో దాచినవి చెదిరిపోవచ్చు. బీరువాలో ఉండేదానికి హార్డ్‌డిస్కే మేలనుకున్నాను. 1 టీబీ అని కొంటే విండోస్ 931 జీబీయే చూపిస్తుంది. మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున. నా సరుకు 500 జీబీ దాటదు. అందుకే 2 టీబీది ఒకటి కాకుండా 1 టీబీవి రెండు తెచ్చాను.

ఒకటి బీరువాలో ఉంటుంది. నెలకోసారి తగిలించి, కొత్తవి ఎక్కించి, వెంటనే తీసేస్తాను. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వాన్నాక్రై వైరస్ మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు. అలాంటివి తగిలించి ఉన్న డిస్కులోని ఫైళ్లకూ తాళం వేసేస్తాయి. అమ్మ చెప్పిన తడి చెయ్యి ఇదే. రెండోది అక్క ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి, దసరాకి వెళ్లినప్పుడు దాన్నీ నింపుతాను.

పెళ్లి ఫొటోలు చుట్టాల ఫోన్లలోంచి చాలావరకు ఏరుకున్నాం. జాతరలో గరగలు చూస్తూ నాన్న మాట్లాడిన వీడియో మాత్రం ఇంకెవరి దగ్గరా లేదు.

మీ ఇంట్లో అలాంటిది ఏదైనా ఒక్క జాడీలోనే ఉంటే, ఈ ఆదివారం దాటనివ్వకండి. రెండో జాడీలో పెట్టాక, ఒక్క ఫొటో అయినా తెరిచి చూడండి.